తెమడ చెప్పిన చరిత్ర: ఆరోగ్యవరం నుంచి ప్రయోగశాలలో పెంచిన శ్లేష్మం దాకా

తిరుపతి నుంచి భాకరాపేట కనుమ ఎక్కి, పీలేరు, వాయల్పాడు మీదుగా మదనపల్లె వెళ్ళే బస్సులో మీలో చాలామంది ప్రయాణించి ఉంటారు. మదనపల్లెకు కొద్ది దూరంలో ఆరోగ్యవరం అనే ఊరుంది. ఆ పేరు పురాణంలోంచి వచ్చింది కాదు, ఏ పాలెగాడో పెట్టింది కూడా కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడ కట్టిన ఒక క్షయ చికిత్సాలయం వల్ల వచ్చింది. ఈ పాఠం ఆ చికిత్సాలయంతో మొదలై, బాక్టీరియాను పరీక్షించడానికి నేటి ప్రయోగశాలల్లో తయారుచేస్తున్న శ్లేష్మం దగ్గరకు చేరుతుంది. రెంటికీ సంబంధం ఏమిటని మీకు అనిపించవచ్చు. రెండుచోట్లా ముఖ్యమైన పదార్థం ఒక్కటే. దానిని కొందరు తెమడ అంటారు, కొందరు కళ్ళె అంటారు, మన జిల్లా పల్లెల్లో గళ్ళ అని కూడా అంటారు. దీనికి చరిత్ర ఏమిటని ముక్కు చిట్లించకండి. వైద్య చరిత్రలో చాలా పెద్ద ప్రశ్నలు ఈ పదార్థం చుట్టూనే తిరిగాయి.

ఆ ప్రశ్నల్లో ఒకదానిని ముందే మీ ముందు ఉంచుతాను. ప్రయోగశాల పరీక్షలో ఒక మందు బాక్టీరియాను చంపుతుందని తేలుతుంది. అదే మందును అదే రోగికి ఇస్తే వ్యాధి తగ్గదు, లేదా తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది. అప్పుడు తప్పు ఎవరిది? మన ఆస్పత్రులలో దశాబ్దాలపాటు వినిపించిన జవాబు ఒక్కటే: రోగి మందులు సరిగా మింగలేదు. ఆ జవాబు ఎంతవరకు నిజమో చదువుతూ మీరే తేల్చుకోండి.

కొండగాలి కాలం

1911లో ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల భాగాలను కలిపి చిత్తూరు జిల్లాను ఏర్పాటు చేసినప్పుడు మదనపల్లె ప్రాంతం కడప నుంచి ఇటు వచ్చింది. అప్పటికే అక్కడ ఆర్కాట్ మిషన్ వారి వైద్యసేవ ఉంది. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 2,300 అడుగుల ఎత్తున ఉంటుంది. గాలి పొడిగా ఉంటుంది, ఎండలు మిగతా రాయలసీమంత తీవ్రంగా ఉండవు. యూరప్‌లో క్షయకు కొండప్రాంతపు గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం తప్ప వేరే చికిత్స లేని రోజులవి. అందువల్ల దక్షిణ భారతదేశంలోని పలు ప్రొటెస్టెంట్ మిషన్లు ఉమ్మడిగా ఒక శానటోరియం పెట్టదలచి ఈ చోటును ఎంచుకున్నాయి. అది యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానటోరియం అనే పేరుతో 1915లో ప్రారంభమైంది. ఉమ్మడి యాజమాన్యం కాబట్టి 'యూనియన్' అన్నారు. దానిని నడిపించిన మొదటి వైద్యుడు డెన్మార్క్ దేశస్థుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. తరువాతి కాలంలో ఆయన భారత క్షయ నివారణ సంఘంలో వైద్య కమిషనర్‌గా కూడా పనిచేశారు.

శానటోరియం అంటే నేటి ఆస్పత్రి లాంటిది కాదు. అక్కడ రోగి నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి ఉండేవాడు. లేచే వేళ, పడుకునే వేళ, నడవదగిన దూరం, తినవలసిన తిండి అన్నీ వైద్యుడు నిర్ణయించేవాడు. వ్యాధి ముదిరినవారికి ఊపిరితిత్తి చుట్టూ గాలి ఎక్కించి దానిని అణిచి ఉంచేవారు. కొందరికి పక్కటెముకలు తీసేసి ఛాతీని కుదించేవారు. చిత్తూరుకు కూతవేటు దూరంలోని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1949లో ఛాతీ శస్త్రచికిత్స విభాగం మొదలైంది కూడా ప్రధానంగా ఇలాంటి అవసరాల కోసమే. ఇంత క్రమశిక్షణ మధ్య రోగి భవితవ్యం చెప్పేది ఒక మూత ఉన్న చిన్న పాత్ర. రోగి దానిలోనే ఉమ్మాలి. ఆ ఉమ్మిన తెమడను గాజుపలక మీద పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూసేవారు. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయ బాక్టీరియాను ప్రకటించిన తరువాత ప్రపంచమంతటా నిలదొక్కుకున్న పద్ధతి ఇదే. తెమడలో సూక్ష్మజీవి కనిపించడం ఆగిపోతే ఇంటికి పంపే ఆలోచన చేస్తారు, కనిపిస్తూ ఉంటే ఆపేస్తారు.

తెమడను శ్రద్ధగా చూసినందువల్ల మదనపల్లె వైద్యులకు అనుకోని ఫలితం ఒకటి దక్కింది. కొందరు రోగులకు దగ్గు, ఆయాసం ఉండేవి, ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల మీద మచ్చలు కనిపించేవి. లక్షణాలన్నీ క్షయవే, కానీ ఎన్నిసార్లు చూసినా తెమడలో క్షయ బాక్టీరియా ఉండేది కాదు. రక్తంలో మాత్రం ఇయోసినోఫిల్ కణాలు విపరీతంగా పెరిగి ఉండేవి. ఫ్రిమోట్ మోలర్, బార్టన్ అనే వైద్యులు 1940లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో దీనిని క్షయలా భ్రమింపజేసే వేరొక వ్యాధిగా వర్ణించారు. 1943లో వైన్‌గార్టెన్ దీనికి ట్రాపికల్ ఇయోసినోఫిలియా అని పేరు పెట్టారు, ఆ పేరే లోకంలో నిలిచింది. మదనపల్లె పేరు పాఠ్యగ్రంథాల అడుగున మిగిలిపోయింది. పేరు పెట్టినవాడికి దక్కే కీర్తి ముందుగా చూసినవాడికి దక్కకపోవడం విజ్ఞానశాస్త్ర చరిత్రలో మామూలే.

శానటోరియం చికిత్స ఫలించిందా అని అడిగితే చరిత్రకారుడు జాగ్రత్తగా జవాబు చెప్పాలి. అక్కడికి వెళ్ళి కోలుకున్నవారు చాలామంది ఉన్నారు. అయితే చికిత్స లేకుండా కూడా కొందరు కోలుకుంటారు. బెంగుళూరులోని జాతీయ క్షయ సంస్థ 1960లలో చుట్టుపక్కల గ్రామాల ప్రజలను అయిదేళ్ళపాటు గమనించినప్పుడు, తెమడలో బాక్టీరియా ఉన్నవారిలో దాదాపు సగం మంది ఆ కాలంలో మరణించారు. సుమారు మూడోవంతు మందికి వ్యాధి తనంతట తానే తగ్గింది. మిగిలినవారు వ్యాధితోనే జీవించారు. ఈ మూడోవంతును లెక్కలోకి తీసుకోకుండా కొండగాలిని పొగిడిన రచనలు చాలా ఉన్నాయి. అవి చదివేటప్పుడు ఈ సంఖ్యను గుర్తుంచుకోండి.

తెమడను కరిగించినవారు

ఆరోగ్యవరం ప్రారంభమైన 1915లోనే, అమెరికాలోని సరనాక్ లేక్ అనే మరో శానటోరియం ఊరిలో పెట్రాఫ్ అనే శాస్త్రజ్ఞుడు ఒక చిన్న పద్ధతిని ప్రచురించాడు. తెమడ నుంచి క్షయ బాక్టీరియాను పెంచాలంటే ఒక చిక్కు ఉంది. తెమడ జిగురుగా ఉంటుంది, పైగా దానిలో నోటి నుంచి, గొంతు నుంచి వచ్చిన వేరే బాక్టీరియా కోకొల్లలు. క్షయ బాక్టీరియా నెమ్మదిగా పెరుగుతుంది. అది ఒక్కసారి విభజన చెందడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, మిగతావి అరగంటకో గంటకో రెట్టింపవుతాయి. కాబట్టి గుడ్డు కలిపిన పోషక పదార్థం మీద తెమడను నేరుగా వేస్తే కలుపుమొక్కలు పైరును మింగినట్టు మిగతావి దానిని మింగేస్తాయి. పెట్రాఫ్ తెమడలో సోడియం హైడ్రాక్సైడ్, అంటే కాస్టిక్ సోడా ద్రావణం, కలిపాడు. జిగురు కరిగిపోయింది, కలుపు చచ్చింది, మైనపు పొర ఉన్న క్షయ బాక్టీరియా మాత్రం చాలావరకు బతికింది. 1963లో క్యుబికా బృందం దీనికి ఎన్-అసిటైల్ సిస్టీన్‌ను జోడించింది. ఇది శ్లేష్మంలోని పెద్ద పెద్ద అణువులను పట్టి ఉంచే గంధకపు బంధాలను తెంచుతుంది. నీళ్ళలో వేస్తే బుసబుస పొంగే దగ్గుమాత్రలను మీరు చూసి ఉంటే, వాటిలో ఉండేదీ ఇదే మందు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. బాక్టీరియాను కనుక్కోవడానికి ఈ పద్ధతులు రెండూ ఎంతో మేలు చేశాయి. నేటికీ చాలా ప్రయోగశాలలలో వాడుకలో ఉన్నాయి. కానీ ఇవి బాక్టీరియాను దాని నివాసం నుంచి విడదీసి, నివాసాన్ని నాశనం చేసి, ఆ తరువాత మాత్రమే దానిని ప్రశ్నిస్తాయి. మందుల పరీక్ష కూడా ఇదే దారిన నడిచింది. సాధారణ బాక్టీరియా మీద యాంటీబయాటిక్ పనిచేస్తుందో లేదో చూడడానికి ప్రపంచమంతా ఎక్కువగా వాడే ముల్లర్-హింటన్ పోషక మాధ్యమం 1941 నాటిది. మాంసపు సారం, పాల నుంచి తీసిన ప్రోటీన్ ముక్కలు, గంజిపొడి దానిలోని ముఖ్య పదార్థాలు. శ్లేష్మం లేదు. ఊపిరితిత్తులలోని బాక్టీరియా ఎన్నడూ ఎరగని సుఖం దానికి ఆ పులుసులో దొరుకుతుంది.

నాలుగు మందులు, ఆరు నెలలు

1943లో అమెరికాలో వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ స్ట్రెప్టోమైసిన్‌ను వేరుచేశాడు. బ్రిటన్ వైద్య పరిశోధన మండలి దానిని 107 మంది రోగుల మీద పరీక్షించి 1948లో ఫలితాలు ప్రకటించింది. మందు తీసుకున్న 55 మందిలో ఆరు నెలల్లో నలుగురు మరణించారు. విశ్రాంతి మాత్రమే పొందిన 52 మందిలో 14 మంది మరణించారు. ఇంత స్పష్టమైన తేడా క్షయ చరిత్రలో అంతకుముందు ఎవరూ చూడలేదు. అయితే కొద్ది నెలల్లోనే మందు తీసుకున్న చాలామందిలో బాక్టీరియా ఆ మందుకు లొంగకుండా పోయింది. మొదట్లో కోలుకున్నవారు మళ్ళీ క్షీణించారు. ఈ అనుభవం నుంచే ఒక్క మందు చాలదు, రెండో మందు జోడించాలి అన్న సూత్రం పుట్టింది. పారా అమైనో సాలిసిలిక్ ఆమ్లం వచ్చి చేరింది. 1952లో ఐసోనియాజిడ్ వచ్చింది. ఐసోనియాజిడ్ కథ విచిత్రమైనది. దానిని ప్రాగ్‌లో మేయర్, మాలీ అనే రసాయన శాస్త్రజ్ఞులు 1912లోనే తయారుచేశారు. అది క్షయను అణుస్తుందని ఎవరికీ తట్టలేదు. ఆరోగ్యవరంలో తొలి రోగులు వరండాలలో పడుకుని కొండగాలి పీలుస్తున్న ఏళ్ళన్నిటా ఆ పదార్థం రసాయన శాస్త్ర గ్రంథాలలో పడి ఉంది.

ఈ మార్పుల కాలంలో మదనపల్లె ప్రయోగక్షేత్రంగా మారింది. 1948 ఆగస్టులో భారతదేశంలో బీసీజీ టీకాల కార్యక్రమానికి తొలి అడుగు ఇక్కడే పడింది. క్రిస్టియన్ కుమారుడు యోహానెస్ ఫ్రిమోట్ మోలర్ మదనపల్లె పట్టణాన్నీ చుట్టుపక్కల పల్లెలనూ ఒక ప్రమాణంగా తీసుకుని, వేలాది కుటుంబాలను చర్మపరీక్షలతో, ఎక్స్‌రేలతో, తెమడ పరీక్షలతో ఏళ్ళ తరబడి గమనించాడు. 1950 నుంచి 1955 వరకు సాగిన ఆ సర్వే నివేదికను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1960లో తన బులెటిన్‌లో నూరు పేజీలకు మించి ప్రచురించింది. శానటోరియం గోడల లోపలి రోగిని చూసే అలవాటు నుంచి ఊరి మొత్తాన్ని చూసే అలవాటుకు మన దేశపు క్షయవైద్యం మారడంలో ఈ సర్వేకు పెద్ద పాత్ర ఉంది. మన విశ్వవిద్యాలయ చరిత్ర పాఠాలలో మదనపల్లె అంటే దివ్యజ్ఞాన సమాజం, 1919లో రవీంద్రుడు జాతీయగీతాన్ని ఇంగ్లీషులోకి మార్చిన కళాశాల అంటాం. అవి చెప్పవలసినవే. అయితే కావిళ్ళు మోసే కూలీల ఇళ్ళలో తెమడ డబ్బాలు పంచుతూ తిరిగినవారి గురించి ఒక వాక్యమైనా చెప్పం, ఇది నాకు న్యాయంగా తోచదు.

శానటోరియం యుగానికి ముగింపు పలికింది మద్రాసు. 1956లో అక్కడ ఏర్పడిన క్షయ రసాయన చికిత్సా కేంద్రం, వాలెస్ ఫాక్స్ నాయకత్వంలో, ఒక సాహసమైన ప్రశ్న వేసింది. పేద రోగులను శానటోరియంలో ఉంచి మందులు ఇవ్వడం, ఇరుకు ఇళ్ళలోనే ఉంచి అవే మందులు ఇవ్వడం, ఈ రెంటిలో ఏది మెరుగు? 193 మందిని రెండు భాగాలుగా విడదీసి ఏడాదిపాటు చికిత్స చేశారు. శానటోరియంలో మంచి తిండి, విశ్రాంతి, దాదుల పర్యవేక్షణ ఉన్నాయి. ఇళ్ళలో ఇవేవీ లేవు. అయినా 1959లో వెలువడిన ఫలితాలలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఇంట్లో ఉన్న రోగుల వల్ల కుటుంబ సభ్యులకు అదనపు ప్రమాదం కూడా కనబడలేదు. గాలి, తిండి, మంచం కన్నా మందులదే పెద్ద పాత్ర అని తేలింది. 1962లో మొదలైన జాతీయ క్షయ కార్యక్రమం ఈ పునాది మీద నిలిచింది.

కానీ ఇంటికి మందులు పంపడంతో ఇంకో చిక్కు ముందుకు వచ్చింది. అప్పట్లో చికిత్స ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా సాగేది. రెండు నెలలకే దగ్గు తగ్గి, బరువు పెరిగి, కూలికి వెళ్ళగలిగిన మనిషి ఏడాది పొడవునా మాత్రలు ఎందుకు మింగాలి? మానేసినవారికి వ్యాధి తిరగబెట్టేది. వారికి రికార్డులలో 'డిఫాల్టర్' అని ముద్ర పడేది. బాకీ ఎగ్గొట్టినవాడికి వాడే మాట అది. రిఫాంపిసిన్, పైరజినమైడ్ కలిసిన తరువాత చికిత్స ఆరు నెలలకు తగ్గింది. అంతకన్నా తగ్గించడం చాలా కష్టమైంది. ఎందుకు?

తట్టుకోవడం, తాళుకోవడం

దీనికి జవాబు కోసం 1944 నాటి ఒక పరిశీలన దగ్గరకు వెళ్ళాలి. డబ్లిన్ బాక్టీరియా శాస్త్రజ్ఞుడు జోసఫ్ బిగ్గర్ చీముపుట్టించే స్టఫిలోకాకస్ బాక్టీరియా మీద పెనిసిలిన్ వేశాడు. దాదాపు అన్నీ చచ్చాయి, కానీ పది లక్షలలో ఒకటి వంటి లెక్కన కొన్ని మిగిలాయి. మిగిలినవాటిని పెంచి మళ్ళీ పెనిసిలిన్ వేస్తే అవీ మొదటివాటిలాగే చచ్చాయి, మళ్ళీ అదే కొద్దిపాటి మిగిలాయి. అంటే మిగిలినవాటికి మందును ఓడించే కొత్త గుణం ఏదీ పుట్టలేదు. అవి ఆ సమయంలో పెరగకుండా ఊరుకున్నాయి, అంతే. పెనిసిలిన్ పెరిగే కణాన్నే చంపుతుంది.

ఈ రెండు స్థితులకూ ఉన్న తేడాను మన సీమ భాషలో చెప్పుకుందాం. ఎండాకాలం చెరువు ఎండిపోతుంది. సర్కారు తుమ్మ ఆ ఎండలోనూ పెరుగుతూనే ఉంటుంది. కప్ప పెరగదు, బురదలోకి దిగి కదలకుండా పడుకుంటుంది. వాన పడగానే బయటికి వచ్చి బెకబెకమంటుంది. తుమ్మ గుణం నిరోధకత: మందు ఉండగానే బాక్టీరియా పెరుగుతుంది, ఆ గుణం జన్యువులో ఉంటుంది, సంతానానికి వస్తుంది. కప్ప గుణం సహనం: మందు ఉండగా బాక్టీరియా పెరగదు, చావదు, గడువు దాటిపోయేదాకా తాళుకుంటుంది. సాధారణ ప్రయోగశాల పరీక్ష తుమ్మను పట్టుకుంటుంది. కప్పను పట్టుకోదు, ఎందుకంటే ఆ పరీక్ష అడిగేది పెరుగుదలను గురించే. 'మందుకు లొంగుతుంది' అని వచ్చిన కాగితం అబద్ధం కాదు, అయితే అది సగం జవాబు.

మద్రాసు అధ్యయనాలలో మొదటి నుంచీ పాలుపంచుకున్న లండన్ బాక్టీరియా శాస్త్రజ్ఞుడు డెనిస్ మిచిసన్ దీనిని క్షయకు అన్వయించాడు. ఒకే రోగిలోని బాక్టీరియా అంతా ఒకే స్థితిలో ఉండదని ఆయన వాదించాడు. చురుకుగా పెరిగేవి ఐసోనియాజిడ్‌కు త్వరగా చస్తాయి. అప్పుడప్పుడు కాసేపు మేలుకునేవాటిని రిఫాంపిసిన్ చంపుతుంది. ఆమ్లత్వం ఉన్న చోట మందకొడిగా ఉండేవాటిపై పైరజినమైడ్ పనిచేస్తుంది. మరికొన్ని పూర్తిగా నిద్రలో ఉంటాయి. 1980లో ఆయన బృందం నైరోబీ రోగుల తెమడలో బాక్టీరియాను రోజురోజుకూ లెక్కించి చూపింది. ఐసోనియాజిడ్ ఇచ్చిన మొదటి రెండు రోజుల్లో సంఖ్య నిట్టనిలువునా పడిపోతుంది, ఆ తరువాత చాలా నెమ్మదిగా తగ్గుతుంది. ఆరు నెలల మందులలో అధికభాగం ఆ నెమ్మదైన తోక కోసమే. 2008లో బ్రిటన్‌లోని లెస్టర్ శాస్త్రజ్ఞులు దగ్గి ఉమ్మిన తెమడలోని క్షయ బాక్టీరియాను పరిశీలించి, వాటిలో చాలావాటి లోపల కొవ్వు బిందువులు నిల్వ ఉన్నాయని, వాటి జన్యువుల పనితీరు నిదానించిన కణాలను పోలి ఉందని చెప్పారు. తెమడలో వచ్చేది చురుకైన బాక్టీరియాయే అన్న పాత నమ్మకం దీనితో సడలింది.

దీని అర్థం మాత్రలు మానేసినా ఫర్వాలేదని కాదు. మధ్యలో ఆపితే తాళుకున్నవి తిరిగి లేస్తాయి, సగం సగం మందుల వల్ల నిరోధకత కూడా పుడుతుంది. నేను అంటున్నది వేరు. సక్రమంగా మందు తీసుకున్నా వ్యాధి తిరగబెట్టినవారు ఉన్నారు. వారి మాటను వైద్య సిబ్బంది నమ్మకపోవడానికి చేతిలోని పరీక్షకు ఉన్న పరిమితి కూడా ఒక కారణం.

క్షయ తగ్గిన తరువాతి దగ్గు

ఇప్పుడు శ్లేష్మం దగ్గరకు నేరుగా వద్దాం. క్షయ బాక్టీరియా ప్రధాన నివాసం శ్లేష్మం కాదు. అది రక్షక కణాల లోపల, ఊపిరితిత్తిలో జున్నులా మెత్తబడి చచ్చిన కండలో ఉంటుంది. తెమడలో ఆ జున్నుముక్కలు శ్లేష్మంతో కలిసి బయటికి వస్తాయి. అమెరికాలో వెరోనిక్ డార్ట్వా, జాన్సీ సారథి తదితరులు కుందేళ్ళ నుంచి తీసిన ఆ పదార్థంలోనే మందులను పరీక్షించి, అక్కడి బాక్టీరియాకు సహనం విపరీతంగా ఉందని 2018లో ప్రచురించారు. బాక్టీరియాను బయటికి లాగి పరీక్షించే పాత పద్ధతికి ఇది ఎదురుదారి.

శ్లేష్మమే ప్రధాన నివాసమైన వ్యాధి వేరొకటి ఉంది. మన ప్రాంతంలో అది తరచుగా క్షయ వెనకనే వస్తుంది. క్షయ నయమైనా అది తొలిచిన చోట గాలిగొట్టాలు సాగి, వెడల్పై, గోడలు దెబ్బతింటాయి. దీనిని బ్రాంకియెక్టాసిస్ అంటారు. శ్లేష్మాన్ని పైకి నెట్టే సన్నని వెంట్రుకల్లాంటి నిర్మాణాలు అక్కడ పనిచేయవు. శ్లేష్మం నిలిచిపోతుంది, చిక్కబడుతుంది, సూడోమొనాస్ వంటి బాక్టీరియా దానిలో కాపురం పెడుతుంది. భారతదేశంలోని 31 కేంద్రాల నుంచి 2,195 మంది బ్రాంకియెక్టాసిస్ రోగుల వివరాలను సేకరించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, మూడోవంతుకు మించి, అంటే 35.5 శాతం మందికి, పాత క్షయే కారణమని తేలింది. వారి తెమడలో ఎక్కువగా కనిపించిన బాక్టీరియా సూడోమొనాసే. యూరప్ రోగులతో పోలిస్తే ఇది భిన్నమైన చిత్రం. 'టీబీ ఎప్పుడో తగ్గిపోయింది సార్, దగ్గు మాత్రం పోలేదు' అనే మాట మీ ఊళ్ళో విని ఉంటే, ఆ మనిషి వెనక ఈ చరిత్ర ఉండవచ్చు.

శ్లేష్మం అంటే ఏమిటి? ఆరోగ్యవంతుల గాలిగొట్టాలలో అది దాదాపు 98 శాతం నీరే. మిగిలిన రెండు శాతంలో ముఖ్యమైనవి మ్యూసిన్‌లు, అంటే సీసాలు తోమే బ్రష్షులా చుట్టూ చక్కెర గొలుసులు ఉన్న పొడవైన ప్రోటీన్లు. అవి ఒకదానికొకటి ముడిపడి వలలా అల్లుకుంటాయి. వ్యాధిలో నీటి పాలు తగ్గి, చచ్చిన కణాల డీఎన్ఏ చేరి, ఆ వల బిగుసుకుంటుంది. మ్యూసిన్‌కూ డీఎన్ఏకూ రుణావేశం ఉంటుంది. టోబ్రామైసిన్, కొలిస్టిన్ వంటి మందులకు ధనావేశం ఉంటుంది. అందువల్ల మందులో కొంత భాగం బాక్టీరియాను చేరకముందే వలకు అంటుకుపోతుంది. చిక్కటి శ్లేష్మం లోపల ఆక్సిజన్ కూడా తక్కువని 2002లో జర్మనీ, అమెరికా పరిశోధకులు కొలిచి చూపారు. ఆక్సిజన్ లేనిచోట బాక్టీరియా నిదానిస్తుంది, టోబ్రామైసిన్ కణం లోపలికి వెళ్ళడమే కష్టమవుతుంది. కప్ప బురదలోకి దిగినట్టే.

దీనిని ప్రయోగశాలలో పట్టుకోవాలంటే ప్రయోగశాలలో శ్లేష్మం కావాలి. 2005లో శ్రీరాములు, రోమ్లింగ్ తదితరులు మ్యూసిన్, డీఎన్ఏ, అమైనో ఆమ్లాలు, గుడ్డుసొన కలిపిన కృత్రిమ తెమడలో సూడోమొనాస్‌ను పెంచారు. అది విడివిడిగా ఈదకుండా చిన్న చిన్న గుంపులు కట్టింది, రోగి ఊపిరితిత్తిలో లాగే. 2007లో వైట్లీ బృందం నిజమైన తెమడలో ఏ పోషకం ఎంత ఉందో కొలిచి దాని ప్రకారం మాధ్యమాన్ని రూపొందించింది. ఇంకో దారి శ్లేష్మాన్ని కలపడం కాదు, పెంచడం. మనిషి గాలిగొట్టం కణాలను రంధ్రాలున్న పలుచని పొర మీద పరిచి, కింది నుంచి పోషకం అందిస్తూ, పైభాగాన్ని గాలికి వదిలేస్తారు. 1988 నుంచి అభివృద్ధి చెందిన ఈ పద్ధతిలో మూడు నాలుగు వారాలకు ఆ కణాలకు వెంట్రుకలు మొలుస్తాయి, అవి తమ శ్లేష్మాన్ని తామే ఊరుస్తాయి. నీళ్ళలో ముంచి ఉంచితే ఇది జరగదు, గాలి తగలాలి. ఆ శ్లేష్మం మీద బాక్టీరియాను వేసి, మందు వేసి, ఎన్ని మిగిలాయో లెక్కిస్తారు.

ఇక్కడ ఒక వివాదం కూడా ఉంది, అది నాకు చాలా ఆసక్తికరంగా తోస్తుంది. కొన్ని ప్రయోగాలలో మ్యూసిన్ వల్ల బాక్టీరియా గుంపులు కట్టి మందును తట్టుకుంది. అమెరికాలో కాథరీనా రిబెక్ ప్రయోగశాలలో మాత్రం జాగ్రత్తగా శుద్ధి చేసిన మ్యూసిన్ దానికి విరుద్ధంగా పనిచేసింది. బాక్టీరియా గుంపు కట్టక ఈదుతూ ఉండిపోయిందని 2012లోను, మ్యూసిన్ చక్కెరలు సూడోమొనాస్ హానికర గుణాలను అణుస్తున్నాయని 2019లోను ఆ బృందం ప్రచురించింది. తేడాకు ఒక కారణం పదార్థంలోనే ఉంది. బజారులో దొరికే మ్యూసిన్ పంది కడుపు నుంచి తీసినది. తయారీలో దాని అణువులు దెబ్బతిని, జెల్లీలా గట్టిపడే గుణం పోగొట్టుకుంటాయి. కాబట్టి ఒక ప్రయోగం చదివేటప్పుడు 'శ్లేష్మం వాడారా?' అని అడిగి ఊరుకోకండి, 'ఏ శ్లేష్మం?' అని కూడా అడగండి. శాసనం చదివేటప్పుడు అసలు రాయి చూశారా, నకలు చూశారా అని మనం అడగడం లాంటిదే ఇది.

ఆ ప్రశ్న మన వైపుకూ తిరుగుతుంది. ఈ మాధ్యమాలలో ఎక్కువభాగం సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల తెమడను నమూనాగా తీసుకుని తయారైనవి. అది యూరప్ మూలాలున్నవారిలో ఎక్కువగా కనిపించే వంశపారంపర్య వ్యాధి. మదనపల్లెలోనో శ్రీకాళహస్తిలోనో పాత క్షయ వల్ల గాలిగొట్టాలు సాగిన అరవై ఏళ్ళ మనిషి తెమడలో ఉప్పు, డీఎన్ఏ, మ్యూసిన్ అదే పాళ్ళలో ఉండాలన్న నియమం లేదు. ఆ పాళ్ళు కొలవాలంటే కావలసింది ఖరీదైన యంత్రానికి ముందు, తెల్లవారుజామున దగ్గి డబ్బాలో ఉమ్మి ఇచ్చే మనిషి, దానిని చెడిపోకముందే చల్లగా చేర్చే మనిషి. 1950లలో మదనపల్లె పల్లెల్లో అటువంటివారు ఇద్దరూ దొరికారు.

అభ్యాసం: మీ కుటుంబంలో గాని, ఊరిలో గాని శానటోరియంలో ఉండి వచ్చినవారిని లేదా 1960, 70లలో క్షయకు సూదిమందు తీసుకున్నవారిని గుర్తించండి. వారి అనుమతితో మాట్లాడి, ఎంతకాలం మందులు తీసుకున్నారు, మానేస్తే ఎందుకు మానేశారు, తరువాత దగ్గు ఎలా ఉంది అనే విషయాలను రెండు పేజీలలో రాయండి. పేర్లు మార్చండి. వారు వాడిన మాటలను మాత్రం మార్చకండి.